రెండో గడప

"పిన్నీ! నీళ్ళు!"

వసారాలోంచి ఆ పిలుపు రావడం అది నాలుగోసారి. లోపల భోజనాల దగ్గర ముగ్గురున్నారు. ముగ్గురికీ చెవులు బాగానే పనిచేస్తాయి. ఒక్కరూ లేవలేదు.

పెద్దకోడలి చేతిలోని గరిటె కంచం మీద ఆగిపోయింది. ఆమె మొగుడు తలెత్తకుండానే అన్నాడు.

"వినపడలేదు."

ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం చెవుడు కాదు, శిక్ష. రెండో గడపకి లోపల ఎవరైనా వీధిమాటలో, అంటే ఊళ్ళో అందరూ మాట్లాడే భాషలో, ఏదడిగినా, అడిగింది మంచినీళ్ళైనా మందుబిళ్ళైనా, జవాబు అదే. అడిగినదాన్నే ఇంటిమాటలో తిరిగి అడిగేదాకా ఎవరూ కదలరు. అడగలేకపోతే వసారాలోకి వెళ్ళి కూర్చోవాలి. అలా కూర్చున్నవాళ్ళతో వీధిమాటలో మాట కలిపినవాళ్ళకీ వసారాయే గతి.

ఈ రివాజుని యాభై ఏళ్ళు నడిపించింది ఇంకెవరో కాదు. ఇప్పుడు వసారాలో మంచం మీద పడి నీళ్ళకోసం అరుస్తున్న ముసలావిడే. పెద్దకోడలికి అత్తగారు. ఇంటిమాట మాట్లాడే నాలుగిళ్ళవాళ్ళూ ఆవిడని దిద్దుడమ్మ అంటారు. గడప పక్కన పీట వేసుకుని కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి మాటనీ పట్టుకుని దిద్దడమే ఆవిడ పని.

"నాకూ వినపడలేదు వదినా," అన్నాడు మరిది, కంచంలోకి చూస్తూ. "కాకపోతే కొంచెం గట్టిగా వినపడలేదు."

"నోర్ముయ్," అన్నాడు అన్న.

"మూసుకునే తింటున్నాను అన్నయ్యా. ఎలా తింటున్నానో నాకే తెలీటం లేదు."

పెద్దకోడలు గరిటె కింద పెట్టింది. "పదకొండు రోజులైందండీ ఆసుపత్రి నుంచి తెచ్చి. ఇంకా ఎన్నాళ్ళు ఆవిణ్ణి అక్కడ..."

"నాలుగు ముక్కలు సరిగ్గా అడగమను. నా చేతులతో ఎత్తుకుని లోపలికి తెస్తాను."

"అడగటం ఆవిడవల్ల కాదు. ఇంటిమాట మొత్తం పోయిందన్నాడు డాక్టరు. మాట్లాడటమే కాదు, మనం మాట్లాడినా అర్థం కాదట. వీధిమాటొక్కటే మిగిలిందట."

"డాక్టరుకి మన మాట వచ్చా? రాని మాట పోయిందని ఆయనెలా చెప్తాడు?"

మరిది దగ్గర దానికి జవాబు ఉన్నట్టుంది కానీ, నీళ్ళతో పాటు మింగేశాడు.

"అమ్మ నా దగ్గర మాట తీసుకుంది," అన్నాడు మొగుడు. ఈసారి గొంతు తగ్గింది. "నేను తప్పినా సరే, నన్నూ బయట కూర్చోబెట్టరా. తల్లినని వెనకాడావో, నీ తరంతోనే ఇది ఆఖరు, అంది. నేనేం చెయ్యను?"

అతని కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. పదకొండు రోజులుగా అంతే. సాయంత్రం కొట్టు కట్టేశాక రెండో గడప పక్కన గోడకి వీపు ఆనించి కూర్చుంటాడు. గోడకి అవతల తల్లి మంచం. ఆవిడ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. అతను వింటూనే ఉంటాడు, వినపడనట్టు. రాయిలాంటి మనిషి అనుకోవడానికైనా లేకుండా చేశాడు.

"రేపు మామయ్య వస్తున్నాడు, నాలుగిళ్ళవాళ్ళనీ తీసుకుని," అన్నాడు లేస్తూ. "పీట ఖాళీగా ఉండకూడదట. నీ పేరు చెప్పారు."

ఆమె తుళ్ళిపడింది. "నా పేరా? నేనీ నాలుగిళ్ళలో పుట్టినదాన్ని కాదుగా!"

"నీకంటే బాగా ఎవరికొచ్చు? పీట మీద కూర్చుంటావు. అమ్మ పిలుస్తుంది. అందరి ఎదుటా ఆ ఒక్క మాట అంటావు. అంతే."

ఆ ఒక్క మాట ఏమిటో ఆమె అడగలేదు.

* * *

వాళ్ళది త్రాసుల పని. వీధివైపు కొట్టు, కొట్టు వెనక వసారా, వసారా దాటితే రెండో గడప. కొట్టులో బేరగాళ్ళతో వీధిమాట తప్పదు కాబట్టి మగాళ్ళకి అక్కడిదాకా మినహాయింపు. గడప ఇవతల మాత్రం ఇంటిమాటే. ఆ ఊళ్ళో ఆ మాట మాట్లాడేది నాలుగే నాలుగు ఇళ్ళు. ప్రపంచం మొత్తం మీద కూడా అంతే.

కొత్త వస్తువేదైనా ఇంట్లోకి రావాలంటే ముందు దానికి ఇంటిమాటలో పేరు పుట్టాలి. ఫ్రిజ్జు కొన్నప్పుడు నాలుగిళ్ళకీ పేరు కుదరక, పాపం అది నాలుగు నెలలు వసారాలో నిలబడింది. పేరు కుదిరాక దర్జాగా లోపలికి వచ్చింది. ఫ్రిజ్జుకున్న అదృష్టం కూడా అత్తగారికి లేకపోయింది.

ఆ మధ్య ఒక పండితుడు వచ్చి, ఇంటిమాటలో రాసిన నాలుగు వందల ఏళ్ళనాటి కాగితమొకటి చదివి వినిపించాడు. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళకి కూడా పొల్లు పోకుండా అర్థమైంది. ఆయన నోరు వెళ్ళబెట్టాడు. "చుట్టూ ఉన్న భాష ఇంత మారిపోతే మీది ఎలా నిలిచిందండీ?" అన్నాడు. "మా రక్తంలో ఉంది," అన్నాడు పెద్దకొడుకు, మీసం మీద చెయ్యి వేసుకుని.

పెద్దకోడలికి ఆ రక్తం లేదు. బయటి పిల్ల. బయటి పిల్లని చేసుకుంటే మొదటి ఏడాది ఆమె గడపకి లోపల నోరు విప్పకూడదు. విని నేర్చుకోవాలి. ఏడాది నిండాక పీట ముందు నిలబెట్టి అడుగుతారు. తప్పితే ఇంకో ఏడాది. మరిదికి పెళ్ళి కాకపోవడానికి కారణం కూడా అదే. ఏడాది నోరుమూసుకునే పెళ్ళాం వస్తుందటరా, అదృష్టవంతుడివి, అని వీధిలో అందరూ అసూయపడేవారే కానీ, పిల్లనిచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఆమె మాత్రం ఒక్క ఏడాదిలోనే గట్టెక్కింది. తరవాత ఇరవై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. పుట్టింటివాళ్ళు వచ్చినప్పుడు వసారాలో కూర్చునేవారు. ఆమె గడప లోపల నిలబడి తల ఊపేది. కొన్నాళ్ళకి వాళ్ళు రావడం మానేశారు. వీధిలోకి వెళ్ళిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అప్పుడైనా మాట్లాడేది పక్కనున్న మొగుడే.

మధ్యాహ్నం కొట్టులో ఆకురాయి గీస్తున్న చప్పుడు మొదలైంది. తూనికరాయి అడుగున గుంటలో సీసం పోసి, ఎక్కువైనదాన్ని అరగదీస్తున్నాడు మొగుడు. ఆ చప్పుడు ఆగనంతసేపూ అతను ఇటు రాడు. ఆమె గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని గడప దాటింది. పదకొండు రోజులుగా ఆమె దొంగతనం ఇదే.

ముసలావిడ గటగటా తాగింది. సగం మెడ మీదికి కారిపోయాయి. పెద్దకోడలు కొంగుతో తుడిచింది.

"మా అమ్మ వచ్చిందా పిన్నీ?" అంది ముసలావిడ, వీధిమాటలో. గొంతు ఎనభై ఏళ్ళది. అడిగిన తీరు అయిదేళ్ళది.

పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది.

"త్రాసు ముల్లు వంగిపోయిందని బాగుచేయించడానికి వచ్చింది. ఉల్లిపాయలు తూచే త్రాసు. నన్ను ఇక్కడే కూర్చోమంది, ఇప్పుడే వస్తానంది. నేనేం అల్లరి చెయ్యలేదు పిన్నీ."

ఆకురాయి గీస్తూనే ఉంది.

"లోపలివాళ్ళు అన్నం పెడతామన్నారు. మీ మాట మాట్లాడితే పెట్టం అన్నారు." ఆవిడ గొంతు తగ్గించి, పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. "అందుకే నేను మాట్లాడటం లేదు. మా అమ్మ వచ్చాక మాట్లాడతాను. అప్పటిదాకా వాళ్ళు చెప్పినట్టే అంటాను. ఒక్కటి కూడా తప్పు చెప్పను. చెప్తే వెళ్ళగొడతారు కదా?"

నాలుగిళ్ళలో కల్లా కల్తీలేని రక్తం దిద్దుడమ్మది అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నారు. ఆవిడ ఉల్లిపాయలమ్మి కూతురు. ఎవరో వదిలేసి వెళ్ళిన పిల్ల. డాక్టరన్నది అప్పుడు గుర్తొచ్చింది. ముందు నేర్చుకున్నది ఒక్కోసారి చివరిదాకా నిలుస్తుందమ్మా, తరవాత నేర్చుకున్నది ముందు పోతుంది.

ఆవిడమీద జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ జాలి వెనకే ఇంకోటి వచ్చింది, పాత పుండు.

పెద్దకోడలి కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. ఒళ్ళు కాలిపోయే జ్వరం. కొట్టులో బేరగాళ్ళ దగ్గర పట్టుకున్న వీధిమాటలో నీళ్ళడిగింది. పీట మీంచి దిద్దుడమ్మ, వినపడలేదు, అంది. పిల్ల మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మూడుసార్లూ నీళ్ళచెంబు ఈ తల్లి చేతిలోనే ఉంది.

ఇవ్వలేదు. అత్తని తిట్టుకోవడం సులువే, చెంబు మాత్రం తన చేతిలో ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ చెంబు ఆమె చేతిలోంచి దిగలేదు.

పదిహేడో ఏట ఆ పిల్ల రెండో గడప మీద నిలబడి, "ఇకమీదట మీరూ నాకు వినపడరు," అని వీధిమాటలో చెప్పి వెళ్ళిపోయింది. ఎక్కడో కుట్టుకొట్టులో పని చేస్తోందని మరిది చెప్పాడు. ఆరేళ్ళైంది.

ఆకురాయి చప్పుడు ఆగింది. పెద్దకోడలు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

మర్నాడు ఉదయానికి పదిహేనుమంది చేరారు. ముసలి మేనమామ ముందే వచ్చి వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. దిద్దుడమ్మకి తమ్ముడు. తమ్ముడని అందరూ అనుకుంటున్న మనిషి.

పెద్దకోడలు అడిగేసింది. "బాబాయిగారూ, అత్తయ్య మీకు తోబుట్టువేనా?"

ఆయన ఉలిక్కిపడలేదు. వెనక్కి తిరిగి ఎవరూ లేరని మాత్రం చూసుకున్నాడు.

"ఏం చెప్పింది?"

"ఉల్లిపాయలమ్మే తల్లి గురించి."

"గుర్తుందన్నమాట," అన్నాడు మెల్లిగా. "నేను పుట్టకముందు సంగతి. మా అమ్మ పోయేముందు చెప్పింది. ఆ త్రాసు మా నాన్న బాగుచేసి పెట్టాడట. ఎవరూ వచ్చి తీసుకోలేదు."

"మరి పీట పుట్టినవాళ్ళకే ఇవ్వాలంటారు కదా?"

"అంటాం. పుట్టినవాళ్ళ సంగతి నాకు తెలీదా? మా అక్కయ్యలిద్దరికీ పుట్టుకతోనే వచ్చు, అందుకే లెక్కలేదు. ఓ మాట మింగేవాళ్ళు, ఓ మాట వీధిలోంచి తెచ్చి నంజుకునేవాళ్ళు. వాళ్ళ చేతిలో పెడితే రెండు తరాల్లో పోయేది. మా నాన్న తెలివైనవాడు, ఈవిడకి ఇచ్చాడు. తప్పితే వెళ్ళగొడతారని భయం ఉన్న మనిషి తప్పదు. ఇంకొకళ్ళని తప్పనివ్వదు."

"ఆవిడకి ముందు పీట మీద కూర్చున్నావిడ?"

ముసలాయన నవ్వాడు, పళ్ళు లేని నవ్వు. "ఆవిడా బయటి పిల్లేనంటారు. కొట్లో మూలరాయి ఉందే, గుడ్డ చుట్టి పెట్టి, మిగతా రాళ్ళన్నీ దాంతో సరిచూస్తారు. అది ఏ కొలిమిలో పుట్టిందని ఎవరైనా అడుగుతారా? కదలకుండా ఉందా లేదా, అదే లెక్క."

"అయితే రక్తంలో లేదన్నమాట."

"రక్తంలో ఏముంటుందమ్మా, రక్తమే ఉంటుంది." ఆయన ఆమె భుజం మీద తట్టాడు. ప్రేమగానే తట్టాడు, అదే ఆమెకి భయమేసింది. "నీ పేరు చెప్పింది అందుకే. పద, అందరూ ఎదురు చూస్తున్నారు. ఈ సంగతి నీ మొగుడికి చెప్పకు. తట్టుకోలేడు."

చెప్పనక్కరలేకపోయింది. నీళ్ళబిందె పక్కన మొగుడు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలీదు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏరా, విన్నావా?" అన్నాడు మేనమామ.

అతను బిందె మీద మూత సర్దాడు. తరవాత అన్నాడు.

"వినపడలేదు."

* * *

పీట గడప పక్కనే వేశారు. యాభై ఏళ్ళు ఒకే మనిషి కూర్చుని, నడుమ కాస్త అరిగిన పీట. పెద్దకోడలు కూర్చుంది. ఆ అరుగుదలలో సరిగ్గా సరిపోయింది. అది ఆమెకి నచ్చలేదు.

గదిలో అందరూ గోడల వారగా నిలబడ్డారు. మరిది జోకులు మానేశాడు.

"పిన్నీ!" వసారాలోంచి పిలుపు వచ్చింది. "పిన్నీ, నీళ్ళు! నేనేం మాట్లాడలేదు పిన్నీ, ఒట్టు! నీళ్ళు మాత్రం అడిగాను!"

పదిహేను మొహాలు పెద్దకోడలివైపు తిరిగాయి. మేనమామ తల ఊపాడు, అనమన్నట్టు.

ఆమె లేచింది. బిందె దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచింది. మొగుడు అడ్డు రాలేదు. జరగనూ లేదు, ఆమే పక్కనుంచి తప్పుకుని వెళ్ళింది. అందరూ చూస్తుండగా రెండో గడప దాటి, మంచం పక్కన కూర్చుని, ముసలావిడ తల ఎత్తిపట్టి నీళ్ళు తాగించింది.

ఒక్క మాట చెప్పాలి ఆవిడకి. నేనున్నాను, ఎవరూ వెళ్ళగొట్టరు, భయపడకు. అంతే. ఆవిడకి అర్థమయ్యే మాటలో, పుట్టింట్లో తన తల్లి తనతో మాట్లాడిన మాటలో చెప్పాలి. పెద్దకోడలు నోరు తెరిచింది.

"నేనున్నానమ్మా," అంది.

ఇంటిమాటలో అంది.

మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఇంటిమాటే వచ్చింది, పొల్లు తప్పకుండా, దిద్దుడమ్మ నేర్పినది నేర్పినట్టు. ఎవరేమన్నా ఆమెకి అర్థమవుతూనే ఉంది. నాలుక మాత్రం అటు తిరగలేదు. పుట్టింటి పెరట్లో నిలబడి రోజంతా వాగిన మాటలు, తల్లితో పోట్లాడిన మాటలు, ఎన్ని వెతికినా ఒక్కటీ నోటిదాకా రాలేదు. ఇరవై ఆరేళ్ళ కింద ఈ గడప దగ్గర చెప్పులు విడిచినట్టు విడిచింది. తీసుకోవడానికి ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూ కూడా, అయ్యో అమ్మా, అని ఇంటిమాటలోనే అంది.

ముసలావిడ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వూ లోపలిదానివేనా పిన్నీ?" అంది. "మా మాట రాదా నీకు?"

గడప లోపల మేనమామ గొంతు గట్టిగా వినిపించింది. "చూశారా! గడప దాటిందే కానీ మాట తప్పలేదు. ఏడుపొచ్చినా ఇంటిమాటే! ఇంతకంటే మంచి దిద్దుడమ్మ మనకి ఎక్కడ దొరుకుతుంది?"

లోపల అవునవునన్నారు. వాళ్ళలో వీధిమాట వచ్చిన మగాళ్ళు ఎనిమిదిమంది. రోజంతా కొట్లలో అదే మాట్లాడతారు, అందులోనే నవ్వుతారు, తిట్టుకుంటారు. ఒక్కడు ఒక్క అడుగు ఇవతలికి వేసి, ఆ ముసలిదానితో ఒక్క ముక్క మాట్లాడితే చాలు. మరిది చూపు నేలమీద ఉంది. మొగుడు గడప మీద ఒక కాలు పెట్టాడు. పెట్టి, తీసేశాడు.

ఆ గడపంటే భయం లేని మనిషి ఆ ఇంట్లో పుట్టినవాళ్ళలో ఒక్కతే ఉంది. ఎక్కడో కుట్టుకొట్టులో.

వస్తుందో రాదో తెలీదు. ఎవరికోసం రావాలి? నీళ్ళివ్వని నానమ్మ కోసమా, చెంబు పట్టుకుని నిలబడ్డ తల్లి కోసమా? అయినా పెద్దకోడలు గ్లాసు ముసలావిడ చేతిలో పెట్టి, దుప్పటి సర్ది, వీధివైపు నడిచింది.

"అమ్మాయ్! ఎక్కడికి?" మేనమామ గడపదాకా వచ్చాడు. "పీట ఖాళీగా ఉంది, వచ్చి కూర్చో!"

ఆమె వెనక్కి తిరిగింది. కళ్ళు తుడుచుకుంది. ఆయనకి బాగా అర్థమయ్యేలా, ఇంటిమాటలో, ఒక్క పొల్లు తప్పకుండా చెప్పింది.

"వినపడలేదు."

కొట్టు ముందు మెట్లు మూడే. మూడూ దిగింది. ఒంటరిగా ఆ వీధిలోకి దిగడం ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదలు. కుడివైపు ఒక సందు, ఎడమవైపు రెండు. కుట్టుకొట్టు ఎటో మరిది ఎప్పుడూ చెప్పలేదు, తను అడగనూ లేదు.

ఎదురుగా చేతిసంచీతో ఒక ఆడమనిషి వస్తోంది. పెద్దకోడలి మొహం చూసి ఆగి, ఏం కావాలమ్మా, అంది వీధిమాటలో, దయగా.

దారి అడగాలి. పెద్దకోడలు నోరు తెరిచింది.